గురి, గమ్యం: కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి వ్యాపార జీవితం

దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు విననివారు ఆంధ్రదేశంలో అరుదు. ఆంధ్రపత్రిక స్థాపకులుగా, భారతి మాసపత్రికను నడిపిన సాహిత్య పోషకులుగా, రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షులుగా, అడిగినవారికి లేదనని దాతగా ఆయనను ఎందరో కీర్తించారు. ఆయన వ్యాపారి అన్న సంగతి మాత్రం సాధారణంగా ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. అమృతాంజనం తయారుచేసి ధనం గడించారు, ఆ ధనాన్ని దేశానికి ధారపోశారు అని చెప్పి, జీవితచరిత్ర వ్రాసేవారు వెంటనే పత్రికారంగంలోకి వెళ్లిపోతారు. గడించడం ఏదో దైవికంగా జరిగినట్లు, ప్రజ్ఞ అంతా దానం చేయడంలోనే ఉన్నట్లు చదువరికి తోస్తుంది. ఆ ఒక్క వాక్యం దగ్గర కొంచెంసేపు నిలిచి చూడవలెనని ఈ వ్యాసం ఉద్దేశం.

అలా నిలవడానికి కారణం లేకపోలేదు. మన మండపేట వ్యాపారపు ఊరు. గోదావరి కాలువల నీటితో పండిన ధాన్యం ఇక్కడి రైస్ మిల్లులలో బియ్యమై దూరప్రాంతాలకు పోతుంది. చుట్టుపట్ల కోళ్ల ఫారాల గుడ్లు లారీలకెక్కుతాయి. ద్వారపూడి బట్టల అంగళ్లు మనకు దగ్గరలోనే ఉన్నాయి. ఇటువంటి చోట పట్టా పుచ్చుకొని వెళ్లే విద్యార్థులలో ఉద్యోగం దొరికేవారు దొరకగా, మిగిలినవారిలో పలువురు ఏదో ఒక చిన్న వ్యాపారం వైపే చూస్తారు. కుట్టుపని, సెల్‌ఫోన్ మరమ్మతు, అత్తర్లు, ఫ్యాన్సీ సామాను, గుడ్ల టోకు వర్తకం, ఇలా ఎవరికి తోచినది వారు మొదలుపెడతారు. అప్పుచేసి అట్టహాసంగా తెరిచిన దుకాణం ఏడాది తిరగకముందే మూతపడడం ఏ బజారులోనైనా కనిపించే దృశ్యమే. శ్రమ తక్కువై కాదు, ఎక్కడికి పోతున్నదీ ఏర్పరచుకోకుండా బయలుదేరడం వలన ఎక్కువ దుకాణాలు మునుగుతున్నాయని నా అభిప్రాయం.

ఉర్దూలో నిషానా అనీ, మంజిల్ అనీ రెండు మాటలు ఉన్నాయి. బాణం తగలవలసిన చోటు నిషానా. ప్రయాణం చేరవలసిన చోటు మంజిల్. తెలుగులో మొదటిదానిని గురి అంటాం, రెండవదానిని గమ్యం అంటాం. నేటి వాణిజ్య పాఠాలు రెండింటినీ లక్ష్యమనే ఒకే మాటలో కలిపివేశాయి. పంతులుగారి జీవితంలో ఈ రెండూ విడివిడిగా, స్పష్టంగా కనిపిస్తాయి. వ్యాపారానికి ఆయన పెట్టిన గురి చిన్నది. తన జీవితానికి పెట్టుకొన్న గమ్యం చాలా పెద్దది. రెండవదాని తొందరలో మొదటిదానిని ఆయన ఎన్నడూ చెడగొట్టుకోలేదు.

పంతులుగారు 1867వ సంవత్సరం మే 1వ తేదీన జన్మించారు. తల్లి శ్యామలాంబ, తండ్రి బుచ్చయ్య. కృష్ణా జిల్లాలోని ఎలకుర్రు ఆయన స్వగ్రామం. ప్రాథమిక విద్య అక్కడ, ఉన్నత పాఠశాల విద్య బందరులో సాగింది. పిమ్మట మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరి 1891లో పట్టభద్రులయ్యారు. ఆనాడు ఆ కళాశాలకు విలియం మిల్లర్ అధ్యక్షులు. విద్యార్థుల శీలాన్ని తీర్చిదిద్దిన ఆచార్యునిగా ఆయనకు దక్షిణదేశమంతటా పేరున్నది. మన రాజమహేంద్రవరం నుంచి కందుకూరి వీరేశలింగం పంతులుగారు వివేకవర్ధని ద్వారా సాగించిన సంఘసంస్కరణ వాదం కూడా యువకుడైన నాగేశ్వరరావుగారి మనస్సుపై గాఢమైన ముద్ర వేసింది. పత్రిక అనేది మనుష్యులను కదిలించగలదన్న నమ్మకం ఆయనకు అప్పుడే కలిగి ఉంటుందని ఊహించవచ్చు.

ఆ రోజులలో ఇంగ్లీషు చదివి పట్టభద్రుడైన బ్రాహ్మణ యువకునికి ప్రభుత్వోద్యోగమో, న్యాయవాద వృత్తియో రాజమార్గాలు. వర్తకం ఆ కుటుంబాలకు అలవాటైన మార్గం కాదు. నాగేశ్వరరావుగారు దానినే ఎంచుకొన్నారు. మద్రాసులో కొంత ప్రయత్నించి, అక్కడినుంచి కలకత్తా వెళ్లి, పిమ్మట బొంబాయి చేరారు. పెద్ద పెట్టుబడి ఏదీ చేతబట్టుకొని వెళ్లలేదు. ఇతరుల సంస్థలలో పనిచేస్తూ మందుల వ్యాపారపు మెలకువలు నేర్చుకొన్నారు. సరుకు ఎక్కడ కొంటారు, ఎలా కలుపుతారు, ఏ సీసాలో పోస్తారు, ఎవరికి అరువిస్తారు, ఎవరికి ఇవ్వరు అన్నవి పుస్తకాలలో దొరికే విద్యలు కావు. వ్యాపారం పెట్టకముందే దాని పద్ధతిని మరొకరి కొలువులో తెలుసుకోవడం కాలం వృథాచేయడమని మన యువకులు అనుకొంటారు. పంతులుగారికి ఆ కాలమే పెట్టుబడి అయినది.

ఆయన కలకత్తా ప్రాంతాన ఉన్న ఆ సంవత్సరాలలోనే దేశంలో ఒక కొత్తగాలి వీచడం ఆరంభమయింది. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ 1892లో కొద్దిపాటి సొమ్ముతో కలకత్తాలో బెంగాల్ కెమికల్ వర్క్స్‌కు పునాది వేశారు. విదేశాల సీసాలలో వచ్చే మందులను మనమే తయారుచేసుకోగలమన్న ధైర్యం చదువుకొన్నవారిలో మొలకెత్తిన కాలమది. నాగేశ్వరరావుగారు ఆ ధైర్యాన్ని బొంబాయిలో వినియోగించారు. 1893లో, తమ ఇరువదియారవ ఏట, అమృతాంజనమనే తలనొప్పి లేపనాన్ని తయారుచేసి అమ్మకానికి పెట్టారు.

ఇక్కడ ఆయన ఏమి చేశారో, ఏమి చేయలేదో రెండూ గమనించదగినవి. జ్వరానికి ఒకటి, దగ్గుకు ఒకటి, అజీర్తికి ఒకటి, బలానికి ఒకటి అంటూ ఔషధాలయం తెరవలేదు. ఒక్క సరుకు తీసుకొన్నారు. అది తలనొప్పికీ, ఒళ్లునొప్పులకూ, జలుబుకూ పైపూతగా వాడుకొనే సరుకు. చెప్పడానికి వైద్యుడు అక్కరలేదు, వాడడానికి పథ్యం అక్కరలేదు. వ్రేలితో తీసి నుదుట రాసుకొంటే క్షణంలో ఫలితమేదో తెలిసిపోతుంది. ఇంటిల్లిపాదీ వాడవచ్చు. అయిపోతే మళ్లీ కొనక తప్పదు. చిన్న సీసా కనుక చెడకుండా, కరగకుండా, పగలకుండా దూరదేశం పంపవచ్చు. చిన్న వ్యాపారికి ఇంతకంటె అనుకూలమైన సరుకు ఏముంటుంది? కొనేవాడు మళ్లీ రావాలన్నది ఆయన పెట్టిన మొదటి గురి. ఒకసారి వచ్చి పోయే బేరంతో దుకాణం నిలవదు.

కాని ముందు కొనేవాడికి సరుకు సంగతి తెలియాలి గదా. పేరులేని కొత్త మందును డబ్బిచ్చి ఎవరు కొంటారు? పంతులుగారు సంగీత సభలకు వెళ్లి, అక్కడికి వచ్చినవారికి అమృతాంజనం ఉచితంగా పంచిపెట్టించారు. ఈ ముచ్చట అందరూ చెప్పుకొంటారు, చెప్పి నవ్వుకొంటారు. తలనొప్పి మందుకు పాటకచేరీకి మించిన చోటేదని చమత్కరించేవారూ ఉన్నారు. చమత్కారం అలా ఉంచి, అందులోని లెక్క చూడండి. గంటల తరబడి ఒకేచోట కూర్చొనేవారు, చదువుకొన్నవారు, నాలుగు డబ్బులు ఖర్చుపెట్టగలిగినవారు, పలు పేటల నుంచి వచ్చి మళ్లీ పలు పేటలకు పోయేవారు, పోయి పదిమందితో మాట్లాడేవారు అక్కడ ఒక్కచోట దొరుకుతారు. బజారులో వేయిమందికి పంచినా కలగని ఫలితం అక్కడ వందమందికి పంచితే కలుగుతుంది. ఊరకే ఇచ్చిన సీసాలు దానం క్రిందికి రావు. పొలంలో చల్లిన విత్తనాల క్రిందికి వస్తాయి. రైతు విత్తనం చల్లేటప్పుడు ఎకరానికి ఎంత అన్నది లెక్క చూసుకొంటాడు. చేతికి వచ్చినంత విసిరివేయడు.

ఈ సందర్భంలో మన కాలపు లెక్క ఒకటి చెప్పి మళ్లీ కథకు వస్తాను. మండపేటలో ఒక యువకుడు కుట్టు దుకాణం పెట్టినాడనుకొందాం. అద్దె, కరెంటు, అప్పుపై వడ్డీ, ఇంటికి ఇవ్వవలసినది అన్నీ కలిసి నెలకు 15,000 రూపాయలు అనుకొందాం. దారం, గుండీలు పోగా ఒక జత కుట్టుపై మిగిలేది 100 రూపాయలనుకొందాం. అప్పుడు నెలకు 150 జతలు కుట్టితే గాని అతడు నిలవడు. నెలలో 25 పనిదినాలు లెక్క వేసుకొంటే రోజుకు 6 జతలు. ఆ 6 అన్న అంకె గోడమీద వ్రాసిపెట్టుకొనవలసిన అంకె. పెద్ద షోరూము పెట్టాలి, జిల్లాలో మొదటివాడనని అనిపించుకోవాలి అన్న కోరికలు మంచివే. కాని సాయంత్రం దుకాణం కట్టేటప్పుడు వాటితో లెక్క సరిచూసుకోవడం సాధ్యం కాదు. 6 జతలైనవా లేదా అన్నది ఒక్క క్షణంలో తేలుతుంది. వారంపాటు రోజూ 4 వద్దనే ఆగితే లోపమెక్కడో వెదకడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. ఆరు నెలలు గడిచిన పిమ్మట తెలిస్తే అప్పులవాడే వచ్చి చెబుతాడు. ధర పెంచాలా, ఖర్చు తగ్గించాలా, పాఠశాలల యూనిఫారాల వంటి నికరమైన పని వెదకాలా అన్న ప్రశ్నలన్నీ ఆ అంకె నుంచే పుడతాయి. అంకె లేనివాడికి ప్రశ్నలు కూడా పుట్టవు.

బొంబాయిలో పంతులుగారికి పరీక్షా సమయాలు రాకపోలేదు. అమృతాంజనం పుట్టిన మూడేండ్లకే, 1896లో, ఆ నగరంలో ప్లేగు ప్రబలింది. లక్షలాది జనం ఊరు విడిచిపోయారు. ఎన్నో వ్యాపారాలు తారుమారైన కాలమది. ఆ కాలాన్ని దాటి అమృతాంజనం నిలబడింది. 1905లో వంగరాష్ట్ర విభజన జరగడం, దానితో స్వదేశీ ఉద్యమం దేశమంతటా అలలుగా వ్యాపించడం ఆయనకు కలిసివచ్చిన అంశాలు. స్వదేశీ వస్తువు వాడాలని జనం పట్టుపట్టిన నాటికి ఆయన సరుకు పన్నెండేళ్లుగా బజారులో ఉన్నది. అదృష్టమని దీనిని త్రోసివేయవచ్చు. అయితే గాలి వీచిన నాటికి తెరచాప ఎత్తి ఉన్నవాడికే ఆ గాలి ఉపయోగపడుతుంది. గోదావరి మీద పడవలు నడిపినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు.

ఇటువంటి చిన్న సీసా కథ మరొకటి మన తెలుగునేల మీదనే జరిగింది. హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో హైదరాబాదులో జిందా తిలిస్మాత్ తయారీ మొదలుపెట్టారు. యూనానీ సంప్రదాయానికి చెందిన ఆ మందు చిన్న సీసాలోనే ఊరూరికీ చేరింది. నేటికీ మన ఇళ్లలో పెద్దలు జలుబు చేస్తే వేడినీళ్లలో రెండు చుక్కలు వేయమంటారు. ఆ సంస్థ కూడా వంద సరుకుల వెంటబడలేదు. ఆ మందు, దానితో ఫారూఖీ పళ్లపొడి, ఇలా వ్రేళ్లపై లెక్కించదగినవే పట్టుకొని శతాబ్ది దాటింది. మన రాజమహేంద్రవరంలో కోసూరి వెంకటరత్నంగారు 1930ల ఆరంభంలో, గాంధీమహాత్ముని ప్రేరణతో స్వదేశీ ఫౌంటెన్ పెన్నుల తయారీకి పూనుకొన్నారు. మహాత్ముడు ఆ పెన్నుతో వ్రాసి, 1935లో మెచ్చి లేఖ పంపేదాకా ఆ పనిని వదలలేదు. రత్నం పెన్ను పేరు ఆ తరువాత దేశమంతటా తెలిసింది. ముగ్గురి మార్గాలు వేరైనా, ఒక వస్తువును పట్టుకొని దానిని బాగుచేయడమే గురిగా పెట్టుకోవడంలో ముగ్గురూ ఒక్కటే.

పంతులుగారి కథలో గమ్యం ప్రవేశించేది ఇక్కడ. 1907 డిసెంబరులో సూరత్‌లో జరిగిన కాంగ్రెస్ మహాసభకు ఆయన వెళ్లారు. అతివాద మితవాద వర్గాలు చీలిపోయిన సభ అది. దేశమంతా ఇలా ఉడికిపోతూ ఉండగా తెలుగువారి గొంతు వినిపించడానికి, దేశవార్తలు తెలుగువారికి చేరవేయడానికి తగిన పత్రిక లేదన్న వెలితి ఆయన మనస్సును కలతపెట్టింది. మరుసటి ఏడే, 1908 సెప్టెంబరులో, బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. తెలుగు పత్రిక బొంబాయిలో పుట్టడం నేడు వింతగా తోచవచ్చు. కాని ఆ నగరంలో తెలుగు కూలీలు, మేస్త్రీలు, మిల్లు కార్మికులు తరతరాలుగా ఉన్నారు. కామాఠీపుర అన్న పేటకు ఆ పేరు అక్కడ స్థిరపడిన తెలుగు పనివారి వలననే వచ్చింది. అన్నిటికంటె ముఖ్యంగా, పత్రికకు పాలుపట్టవలసిన వ్యాపారం అక్కడ ఉన్నది.

1893 నుంచి 1908 వరకు పదిహేనేండ్లు. ఈ వ్యవధిని విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలని కోరుతాను. పత్రికల మీద మోజు ఆయనకు విద్యార్థి దశనుంచీ ఉన్నదే. మొదటి ఏట వచ్చిన లాభంతో రెండవ ఏటనే పత్రిక పెట్టి ఉంటే, పత్రికా మిగలకపోవును, అమృతాంజనమూ మిగలకపోవును. పత్రిక అన్నది రాబడికంటె ఖర్చు ముందు నడిచే పని. కాగితం, అచ్చు, తపాలా ఖర్చులు ప్రతివారం పుడతాయి. చందాలు ఎప్పుడో వస్తాయి, కొన్ని రానే రావు. అటువంటి పనిని భరించగల స్థితికి మొదటి వ్యాపారం వచ్చేదాకా ఆయన వేచి ఉన్నారు. చేతిలో నాలుగు రూపాయలు కనబడగానే రెండో దుకాణం తెరిచి, రెండింటినీ అప్పులలో ముంచే తొందరతో ఈ ఓర్పును పోల్చి చూడండి.

ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు 1910 నుంచి వెలువడసాగాయి. పండితుల వ్యాసాలు, కవుల రచనలు, చిత్రాలు ఒక్కచోట కూర్చిన ఆ సంచికలను ఆనాటి పాఠకులు ఏడాది పొడుగునా దాచుకొనేవారు. ఆయన పత్రిక పుటలలో అమృతాంజనం ప్రకటనకూ చోటుండేది. సరుకు పత్రికను పోషించింది, పత్రిక సరుకును ఇంటింటికీ పరిచయం చేసింది. ఒక ఎద్దు మరొక ఎద్దును లాగినట్లు కాక, రెండూ ఒకే కాడి క్రింద నడిచాయి.

1914లో పంతులుగారు మద్రాసుకు మకాం మార్చి, ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రపత్రికను దినపత్రికగా ప్రారంభించారు. ఆంధ్రదేశపు రాజధాని ఆనాడు మద్రాసే. పాఠకులకు దగ్గరగా పోనిదే దినపత్రిక నడవదు. నాలుగు నెలలు తిరగకుండా ఐరోపాలో మహాయుద్ధం చెలరేగింది. యుద్ధవార్తల కోసం పల్లెటూళ్లలో సైతం జనం పత్రిక కొరకు ఎదురుచూడసాగారు. ఒక్కరు చదువుతూ ఉంటే పదిమంది చుట్టూ కూర్చొని వినే అలవాటు రచ్చబండల మీద ఏర్పడింది. ఆ తరువాత స్వాతంత్ర్యోద్యమ కాలమంతటా ఆంధ్రపత్రిక తెలుగువారి నిత్యజీవితంలో భాగమయింది.

ఇక్కడినుంచి ఆయన జీవితం అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. 1924 జనవరిలో భారతి మాసపత్రిక మొదలయింది. తెలుగు సాహిత్య పరిశోధనకు, కొత్త కవిత్వానికి అది దశాబ్దాలపాటు నిలయమయింది. 1926లో ఆంధ్రగ్రంథమాల స్థాపించి, పాల్కురికి సోమనాథుని బసవపురాణం మొదలైన ప్రాచీన గ్రంథాలను సామాన్యుడు కొనగలిగిన వెలకు అందించారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో స్వర్గస్థులు కాగా, వారు ఆరంభించిన విజ్ఞానసర్వస్వ కృషిని తమ భుజాన వేసుకొన్నారు. గ్రంథాలయోద్యమానికి అండగా నిలిచారు. సుమారు ఒక దశాబ్దం రాష్ట్ర కాంగ్రెస్‌కు నాయకత్వం వహించారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో కారాగారానికి వెళ్లి, అక్కడ భగవద్గీతపై వ్యాఖ్యానం వ్రాసుకొన్నారు. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. దేశోద్ధారక బిరుదు ప్రజలు ఇచ్చినది. గాంధీమహాత్ముడు ఆయనను విశ్వదాతగా సంభావించారు.

ఈ పనుల తేదీలు వరుసగా పెట్టి చూస్తే ఒక క్రమం కనబడుతుంది. లేపనం, పదిహేనేండ్లకు వారపత్రిక, ఆరేండ్లకు దినపత్రిక, పదేండ్లకు మాసపత్రిక, రెండేండ్లకు గ్రంథమాల. ఒకటి తన కాళ్లమీద నిలిచిన తరువాతనే మరొకటి. చివరి రెండింటి మధ్య ఎడం తక్కువైనా, అవి రెండూ దినపత్రిక సమకూర్చిన అచ్చుపనికీ, పండితబృందానికీ చేర్చిన కొమ్మలే గాని వేరే చెట్లు కావు. చిన్న వ్యాపారి విస్తరించదలచుకొంటే చేతిలో ఉన్న పనిముట్టుతో చేయగలిగినదానివైపే ముందు విస్తరించాలనడానికి ఇది మంచి నిదర్శనం. రైస్ మిల్లు ఉన్నవాడు తవుడు, నూక వ్యాపారం పెంచుకోవడం ఒకటి. సినిమా హాలు కొనడం వేరొకటి.

ఆయనను గూర్చి వ్రాసేటప్పుడు పొగడ్త ఒక్కటే చాలదు. దానం విషయంలో పంతులుగారికి లెక్క ఉండేదా అన్న సందేహం చదివినకొద్దీ కలుగుతుంది. సహాయం కోరి వచ్చిన విద్యార్థులకు, గ్రంథకర్తలకు, ఉద్యమకారులకు, గ్రంథాలయాలకు ఆయన ఇచ్చినది అపారం. సరుకును గూర్చి అంత నిక్కచ్చిగా గురి పెట్టగలిగిన మనిషి, ఇచ్చేటప్పుడు ఆ కొలబద్దను ప్రక్కన పెట్టివేశారు. వ్యాపారశాస్త్రం చదివినవారు దీనిని దోషంగా ఎన్నవచ్చు. నేను అలా అనలేను. అయితే గమ్యం ఎంత ఉదాత్తమైనదైనా దానిని మోసే బండికి ఇరుసు ఉండాలి. ఆయనకు ఆ ఇరుసు అమృతాంజనం. మన యువకులలో కొందరు ఇరుసు బిగించకుండానే బంధుమిత్రులకు అరువులిచ్చి, శుభకార్యాలకు దుకాణపు గల్లాపెట్టె నుంచి తీసి, ఔదార్యమని చెప్పుకొంటారు. సొంత సొమ్మునూ దుకాణపు సొమ్మునూ వేరు చేయలేనివాడి ఔదార్యానికి మూల్యం చివరకు సరుకు అరువిచ్చిన టోకు వర్తకుడు చెల్లిస్తాడు.

పంతులుగారు ఆ వేరుపాటును తమ చివరి దశలో శాశ్వతం చేశారు. 1936లో అమృతాంజనం సంస్థ పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా మారింది. అంతవరకు ఒక మనిషి పేరుమీద, ఒక మనిషి నమ్మకంమీద నడిచిన వ్యాపారానికి వాటాదారులు, డైరెక్టర్లు, ఏటేటా తనిఖీ అయ్యే లెక్కలు ఏర్పడ్డాయి. అప్పటికి ఆయనకు అరవై తొమ్మిదేండ్లు. తాను లేని నాడు కూడా దుకాణం తెరిచి ఉండడం అన్నది చిన్న వ్యాపారులు చాలామంది తలపెట్టని గురి. తండ్రి పోగానే కొడుకులు తూకపురాళ్లు కూడా పంచుకొని విడిపోయే బజార్లు ఎన్ని లేవు!

మద్రాసు మైలాపూరులోని ఆయన గృహం శ్రీబాగ్ తెలుగువారి చరిత్రలో నిలిచిపోయింది. కోస్తా, రాయలసీమ నాయకులు 1937 నవంబరు 16న ఆ ఇంట సమావేశమై ఒడంబడికకు వచ్చారు. రాజధాని, హైకోర్టు, నదీజలాలు, విశ్వవిద్యాలయ కేంద్రాలు, శాసనసభలో స్థానాలు, వీటిపై రాయలసీమకు కలిగిన శంకలను తీర్చడం ఆ ఒప్పందపు ఉద్దేశం. ప్రత్యేకాంధ్ర రాష్ట్రమన్న పెద్ద మాటను అంశాలుగా విడదీసి కాగితం మీద పెట్టిన రోజు అది. ఒక వ్యాపారి ఇంట అది జరగడం కాకతాళీయమే కావచ్చు. నాకు మాత్రం ముచ్చటగా తోస్తుంది.

అయిదు నెలలు గడవకుండానే, 1938 ఏప్రిల్ 11వ తేదీన పంతులుగారు పరమపదించారు. ఆయన కోరుకొన్న ఆంధ్ర రాష్ట్రం ఆ తరువాత పదిహేనేండ్లకు, 1953 అక్టోబరు 1న ఏర్పడింది. అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు పత్రికల బాధ్యతను, వ్యాపారాన్ని స్వీకరించి 1972లో మరణించేవరకు నడిపారు. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. భారతి కూడా ఆ సంవత్సరమే నిలిచిపోయింది. కాలం మారింది, పోటీ పెరిగింది, దినపత్రికలకు కావలసిన పెట్టుబడి స్వరూపమే వేరయింది. ఏ గమ్యం కొరకు ఆ సీసా పుట్టినదో ఆ పత్రిక పోయి, సీసా మిగిలింది.

మద్రాసులో లజ్ ప్రాంతాన ఆయన పేరిట ఉద్యానవనం ఉన్నది. ప్రొద్దుటే నడకకు వచ్చేవారిలో ఆ నాగేశ్వరరావు ఎవరో తెలిసినవారు ఎందరో చెప్పలేము. అమృతాంజనం సంస్థ చెన్నైలోనే కొనసాగుతూ, నేడు నొప్పుల రోలాన్లు, స్త్రీల శానిటరీ ప్యాడ్లు, పండ్లరసాల వంటి సరుకులు కూడా అమ్ముతున్నది. పసుపుపచ్చని లేపనం మాత్రం మానలేదు. మన బజారులో ఏ కిరాణా కొట్టుకు వెళ్లి అడిగినా, యజమాని వెనక్కి తిరగకుండానే చేయి చాపి అలమారలోనుంచి తీసి ఇస్తాడు.